అంతర్వేది ఇసుకకి, తాతగారి తోటకి, గోదారి రేవుకి – ఏ మెటల్ డిటెక్టర్ తీసుకోవాలి?

రాజోలు_కొబ్బరితోట · ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారమండి. ఏడాదిబట్టి ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. మెటల్ డిటెక్టర్ కొందామని నలభై వేలు పక్కన పెట్టుకున్నాను. తప్పదంటే ఇంకో పదివేలు సర్దగలను. నాకు మూడు చోట్ల పనుంది.

మొదటిది అంతర్వేది. మాఘమాసంలో కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. ఆ రోజుల్లో సముద్రస్నానానికి దిగే జనంలో ఏటా ఎవరో ఒకరి ఉంగరమో, పిల్లల పట్టీలో పోతూనే ఉంటాయి. పోయినేడు ఒక కొత్త కోడలు చెవి జూకా కోసం చీకటి పడేదాకా మోకాళ్ల మీద కూచుని ఇసుక గాలించింది. పక్కనే నిలబడి కూడా ఏమీ చెయ్యలేకపోయాను. ఈ ఆలోచన అప్పుడు పట్టుకుంది.

రెండోది మా తాతగారి పెంకుటిల్లు ఉన్న దిబ్బ. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి గోడలు కూలిపోయాయి. తర్వాత మట్టి తోలించి కొబ్బరి వేశారు. తన వెండి కుంకుమభరిణె, పూజసామాను ఆ గోడల కిందే ఉండిపోయాయని నాయనమ్మ ఇప్పటికీ అంటుంది.

మూడోది, వేసవిలో నీరు తగ్గాక రేవుల్లో పాత నాణేలు.

మూడింటికీ ఒకే మిషను సరిపోతుందా? మా బావ మాత్రం "అవన్నీ ఆటబొమ్మలు, లక్షన్నర పెడితే గోల్డ్ స్కానర్ వస్తుంది, వంద మీటర్ల లోతులో బంగారం చూపిస్తుంది, చెరి సగం వేసుకుందాం" అంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.


ఉప్పాడ_గట్టు · ఆదివారం రాత్రి

తమ్ముడూ, ముందు మీ బావని ఆపు. ఆ సంగతి దెబ్బతిన్నవాళ్లు ఇక్కడే ఉన్నారు, వాళ్లు చెబుతారు. నేను సముద్రం సంగతి చెబుతాను.

మా ఉప్పాడలో తుపాను వెళ్లిన మర్నాడు తెల్లారేసరికి ఆడవాళ్లూ పిల్లలూ ఒడ్డున ఉంటారు. కెరటం వెనక్కి తగ్గగానే తడి ఇసుకని దువ్వెనతో గీస్తారు. బియ్యపుగింజలో సగం కూడా లేని బంగారు రేణువు తళుక్కుమంటే వేలికి అద్దుకుని తీస్తారు. సముద్రం మింగేసిన ఇళ్లవీ గుళ్లవీ అని పెద్దల మాట. అంత రేణువుని మనం కొనే ఏ డిటెక్టరూ పట్టదు, కంటికే ఆనాలి. కాబట్టి డిటెక్టరు పని ఉంగరం, నాణెం, పట్టీ, ఆ సైజు దగ్గర మొదలవుతుందని అనుకో.

ఇక ఇసుక. పొడి ఇసుక వేరు, తడి ఇసుక వేరు, నీళ్లు వేరు. నేను మొదట కొన్నది ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మామూలు రకం. పెరట్లో అర్ధరూపాయిని జానెడు లోతున పూడిస్తే గంట కొట్టినట్టు పలికింది. ఒడ్డున పొడి ఇసుకలోనూ పలికింది. తడి ఇసుక మీదకి తీసుకెళ్లానో లేదో, ఏమీ లేని చోటల్లా ఒకటే కూత. సెన్సిటివిటీ తగ్గిస్తే కూత ఆగింది, దాంతోపాటు ఉంగరం పలకడమూ ఆగింది. మూడు నెలలు నా చేతిలోనే ఏదో తప్పుందనుకున్నాను.

తప్పు ఉప్పుది. ఉప్పునీళ్లతో తడిసిన ఇసుకలో కరెంటు పారుతుంది. మిషనుకి నేలంతా లోహంలాగే తోస్తుంది. దానికి తోడు మన ఒడ్డున నల్ల ఇసుక. కెరటం కోసిన చోట చారలు చారలుగా ఉంటుందే, అందులో మాగ్నటైట్, ఇల్మనైట్ అనే ఇనుప ఖనిజాలు ఉంటాయి. అయస్కాంతం పెడితే మీసాల్లా పట్టుకుంటుంది. నల్ల ఇసుకకి మిషను సర్దితే ఉప్పు దగ్గర అరుస్తుంది, ఉప్పుకి సర్దితే నల్ల ఇసుక దగ్గర అరుస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీతో రెంటినీ ఒకేసారి అణచడం కుదరదు.

అందుకని బీచ్ కోసమైతే ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపేదే తీసుకో. మైన్‌ల్యాబ్ వాంక్విష్, ఈక్వినాక్స్, నోక్టా లెజెండ్, ఎక్స్‌పీ డ్యూస్ 2 ఆ రకం. నీ డబ్బుకి వాంక్విష్ దగ్గర చూడు. కాకపోతే దానికి కాయిల్, అంటే నేల మీద ఊపే కింది చక్రం వరకే నీళ్లలో ముంచొచ్చు, పైన పెట్టెకి నీరు తగలకూడదు. కెరటాల్లోకి దిగాలంటే ఈక్వినాక్సో లెజెండో కావాలి. ఈక్వినాక్స్ 600, 800, లెజెండ్ 3 మీటర్ల నీటిదాకా తట్టుకుంటాయి. డ్యూస్ 2 అయితే 20 మీటర్లు. ఏది వాడినా ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టు. ఉప్పు బిగుసుకుంటే గొట్టం జాయింట్లు ఊడిరావు.


పాలకొల్లు_సోల్డరింగ్ · సోమవారం పొద్దున్న

ఉప్పాడ అన్నయ్య చెప్పింది నిజం. నా దగ్గరికి రిపేరుకొచ్చే డిటెక్టర్లలో సగానికి రోగమే ఉండదండి. తప్పు చోట వాడతారు, అంతే. లోపల ఏం జరుగుతుందో కాస్త తెలిస్తే ఎంపిక తేలికవుతుంది.

కాయిల్లో రెండు చుట్లు ఉంటాయి. ఒకటి పంపేది, ఒకటి వినేది. పంపే చుట్ట సెకనుకి కొన్ని వేలసార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి వదులుతుంది. కింద లోహం ఉంటే దాన్లో సుడి కరెంట్లు పుట్టి, అవి మళ్లీ తమ క్షేత్రాన్ని పైకి పంపుతాయి. వినే చుట్ట దాన్ని పట్టుకుని, వెళ్లినదానికీ వచ్చినదానికీ మధ్య ఎంత ఆలస్యమైందో చూస్తుంది. దళసరి వెండికి ఆలస్యం ఎక్కువ, పల్చటి రేకుకీ సన్నటి బంగారానికీ తక్కువ. తెర మీద కనబడే అంకె ఆ ఆలస్యమే. వాంక్విష్‌లోనూ ఈక్వినాక్స్ 600, 800ల్లోనూ అది -9 నుంచి 40 దాకా ఉంటుంది. గారెట్‌లో 0 నుంచి 99.

కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. అంకె చూసి "ఇది బంగారం" అని చెప్పగల మిషను లేదు. సన్న ఉంగరం, మాత్రల రేకు, కూల్‌డ్రింక్ డబ్బా లాగుడు రింగు – మూడూ పక్కపక్క అంకెల్లో పడతాయి. రేకులు తీసీ తీసీ విసిగిపోయి ఆ అంకెలు పలకకుండా మూసేశారంటే ఉంగరాలూ మూసేసినట్టే. గొలుసు సంగతి ఇంకా కష్టం. చూడ్డానికి రెండు కాసులున్నా మిషనుకి అది విడివిడి లంకెల వరస. ఒక్కో లంకె ఎంతుంటుందో అంతే పలుకుతుంది.

ఫ్రీక్వెన్సీ తక్కువైతే వెండి రూపాయి, రాగి చెంబు లాంటివి లోతులో దొరుకుతాయి. ఎక్కువైతే సన్న వస్తువులు దొరుకుతాయి. గారెట్ ఏస్ 300 నడిచేది 8 కిలోహెర్ట్జ్ మీద, నోక్టా సింప్లెక్స్ 12 మీద, గారెట్ ఏటీ ప్రో 15 మీద. మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 1000 అయితే 45. అది బంగారు నేలల్లో గింజంత ముడి ముక్కలు ఏరడానికి చేసింది. పేరు చూసి మనవాళ్లు మోజుపడతారు గానీ మన తడి ఇసుకలో దానికి పని లేదు.

ఇంకో జాతి ఉంది, పల్స్ ఇండక్షన్. ఒక్క దెబ్బ కొట్టి ఆగిపోతుంది, ఆ ఆగిన సందులో వింటుంది. ఉప్పునీటి స్పందన ఆ సందులో ముందే చచ్చిపోతుంది. లోహంలో కరెంటు ఇంకాస్త సేపు నిలుస్తుంది. అందుకే సముద్రంలో, నల్ల ఇసుకలో లోతుకి దానికి సాటి లేదు. గారెట్ సీ హంటర్ మార్క్ 2 ఆ రకం, 200 అడుగుల నీళ్లలో కూడా పనిచేస్తుంది. కానీ ఇనుప మేకో బంగారమో దానికి సరిగా తెలీదు. తాతగారి దిబ్బ మీద దాన్ని తిప్పితే పెంకుటింటి వాసాల మేకు ఒక్కోదానికీ ఒక్కో గొయ్యి తవ్వుకోవాలి.

దిబ్బకి కావలసింది చిన్న కాయిల్. పెద్ద కాయిల్ కింద ఒకేసారి అయిదారు మేకులు, మధ్యలో భరిణె పడితే మేకుల గోలలో భరిణె మునిగిపోతుంది. 6 అంగుళాల కాయిల్ మేకుకీ మేకుకీ మధ్య దూరి చూస్తుంది. లోతు తగ్గుతుంది, తగ్గనివ్వండి.


రాజోలు_కొబ్బరితోట · సోమవారం పొద్దున్న

చాలా థాంక్సండి ఇద్దరికీ. మరి వంద మీటర్ల స్కానర్ గురించి?


భీమవరం_చేపలచెరువు · సోమవారం మధ్యాహ్నం

ఆ మాట చూసి రాయకుండా ఉండలేకపోయాను తమ్ముడూ. మా నాన్నగారు ఆరేళ్ల కిందట అలాంటిదే కొన్నారు. పిస్తోలుకున్నట్టు పిడి, దానికి ముందుకి సాగిన రెండు కడ్డీలు, మధ్యలో తెర. అమ్మినతను మా చెరువుగట్టు మీద అమ్మ గాజు పూడ్చి చూపించాడు. కడ్డీలు వాటంతటవే అటు తిరిగాయి. నాన్నగారు అక్కడికక్కడే డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశారు.

అతను వెళ్లాక కూడా కడ్డీలు తిరిగాయి. కాకపోతే ప్రతిసారీ ఒక్కో వైపు. పొలంలో పదకొండు గోతులు తవ్వించాం. ఒకదాంట్లో నీరు పడింది, మిగతావాటిలో అదీ లేదు. చివరికి నేను వసారాలో పది స్టీలు గ్లాసులకి బదులు పది ప్లాస్టిక్ గ్లాసులు బోర్లించి, ఆయన్ని గదిలో ఉండమని, ఒకదాని కింద ఉంగరం పెట్టాను. ఇరవైసార్లు చేశాం. తగిలింది రెండుసార్లు. కళ్లు మూసుకుని వేలు పెట్టినా పదింట ఒకటి తగులుతుంది కదా. అమ్మినవాడికి గాజు ఎక్కడుందో ముందే తెలుసు, అతని మణికట్టు అటు వంగింది, కడ్డీ అటు జారింది. నాన్నగారు ఆ సాయంత్రం అన్నం తినలేదు. డబ్బు పోయినందుకు కాదు, ఊళ్లో అందరి ముందూ గోతులు తవ్వించినందుకు.

ఇంగ్లండులో ఏడీఈ 651 అని ఇలాంటిదే తయారుచేసి బాంబులు కనిపెడుతుందని ఇరాక్‌కి అమ్మారు. పిడికి తగిలించిన కడ్డీ తప్ప లోపల పనిచేసేది ఏమీ లేదు. దాన్ని నమ్మి చెక్‌పోస్టుల్లో వాడారు. అమ్మిన మనిషికి 2013లో పదేళ్ల జైలు పడింది. మీ బావగారికి గ్లాసుల పరీక్ష చెప్పండి. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే అక్కడితో వదిలెయ్యండి.


పాలకొల్లు_సోల్డరింగ్ · సోమవారం మధ్యాహ్నం

అన్నయ్యగారూ, చదువుతుంటే బాధేసింది. లెక్క కూడా చెబుతాను, బావగారికి పనికొస్తుంది. కాయిల్ నుంచి దూరం పెరిగేకొద్దీ క్షేత్రం దూరానికి ఘనంలో తగ్గుతుంది. తిరిగొచ్చే సిగ్నలూ అలాగే మళ్లీ ఘనంలో తగ్గుతుంది. రెండూ కలిపితే ఆరో ఘాతం. అంటే నాణెం లోతు రెట్టింపైతే సిగ్నల్ 64వ వంతుకి పడిపోతుంది. మంచి మిషను 25 సెంటీమీటర్ల లోతులో నాణెం చెప్పిందంటే గొప్ప. 100 మీటర్లంటే దానికి 400 రెట్ల దూరం. సిగ్నల్ నాలుగు వేల లక్షల కోట్లవ వంతు అవుతుంది. అది వినగల పెట్టె లేదు.

పెద్ద వస్తువు లోతులో ఉందనుకుంటే టూ బాక్స్ అనే రకం ఉంది. పొడుగాటి కర్రకి ఆ చివరొక పెట్టె, ఈ చివరొక పెట్టె. ఫిషర్ జెమిని 3 అలాంటిది. గొట్టాలు, కేబుళ్లు వెతికేవాళ్లు వాడతారు. బిందె అంత వస్తువుని మామూలు మిషను కంటే లోతుగా పడుతుంది, నాణేన్ని అసలు చూడదు. మీకు అది అక్కర్లేదు.


రాజమండ్రి_చిల్లుకాణీ · సోమవారం రాత్రి

నాణేల సేకరణ నా ప్రాణం కాబట్టి మూడో పని గురించి నేను రాస్తాను.

మన గోదారిలో జనం వేసే నాణేలు ఏ లోహమో తెలియకుండా రేవులోకి దిగకండి. 1992 నుంచి రూపాయి బిళ్ల స్టెయిన్‌లెస్ స్టీలు. రెండు రూపాయలు 2004 దాకా రాగి-నికెల్, ఆ తర్వాత స్టీలు. ఈ స్టీలు అయస్కాంతానికి అంటుకునే రకం. అందుకే పుష్కరఘాట్ దగ్గర పిల్లలు తాడుకి అయస్కాంతం కట్టి విసిరి చిల్లర లాగుతారు. డిటెక్టర్లో ఇనుము మూసేసి తిరిగితే ఈ బిళ్లలు పలకవు, పలికినా తికమకగా పలుకుతాయి. అది మనకి మంచిదే. కొత్త చిల్లర వదిలేసి పాతవాటి వెంట పడొచ్చు.

1939 దాకా వచ్చిన వెండి రూపాయి 11.66 గ్రాములు, అందులో దాదాపు 92 పాళ్లు వెండి. డిటెక్టర్లో ఎక్కువ అంకెల్లో, నిలకడగా, ఏ వైపు నుంచి ఊపినా ఒకేలా పలుకుతుంది. 1940 నుంచి సగం వెండే. 1947 రూపాయి నికెలు, అయస్కాంతం పట్టేస్తుంది. 1943 నుంచి 47 దాకా వచ్చిన చిల్లు కాణీ కంచుది, మధ్యలో చిల్లున్నా బాగా పలుకుతుంది. అల్యూమినియం అయిదు పైసలు, పది పైసలు మాత్రం రేకుల అంకెల్లోకి వెళ్లిపోయి విసిగిస్తాయి.

ఒక్కటి గుర్తుంచుకోండి, ఇది డెల్టా. వరదొచ్చిన ప్రతిసారీ లంకల మీద ఒండ్రు పరుచుకుంటుంది. 1986 వరద ఎంత మట్టి తెచ్చి వేసిందో లంక రైతుల్ని అడగండి. వందేళ్ల కిందట పడిన నాణెం మీద ఎన్ని పొరలు పేరుకుంటాయో ఊహించండి. పొలం మధ్యలో మిషను తిప్పితే కిందటి తరం వస్తువులే దొరుకుతాయి. అంతకు పాతది కావాలంటే ఏరు గట్టు కోసేసిన చోట, కోత అడుగున చూడాలి.


యానాం_పడవ · సోమవారం రాత్రి

రేవుల్లో ఒకటికి రెండుసార్లు ఆలోచించి దిగండి. ఇసుక తీసిన గోతులు పైనుంచి కనపడవు. మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ రెండడుగులు వేసేసరికి మనిషి మునిగే గొయ్యి ఉంటుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని కిందకి చూస్తూ నడిచేవాడికి అదే గండం. కర్రతో పొడుచుకుంటూ నడవాలి, గట్టు మీద ఇంకో మనిషి ఉండాలి.

మిషను విషయానికొస్తే ధవళేశ్వరం దగ్గర మంచినీళ్లు కాబట్టి సింప్లెక్స్, ఏటీ ప్రో లాంటి ఒకే ఫ్రీక్వెన్సీ రకాలు చక్కగా పనిచేస్తాయి, రెండూ 3 మీటర్ల నీటిదాకా తట్టుకుంటాయి. కిందకొచ్చేకొద్దీ సంగతి వేరు. వేసవిలో పోటు మీద ఉప్పునీరు మా యానాం, మీ నరసాపురం వైపు ఎక్కుతుంది. అదే రేవు వానాకాలంలో మంచినీళ్లు, వేసవిలో ఉప్పు. నీళ్లు నోట్లో పోసుకుని చూస్తే చాలు, మిషను ఎందుకు అరుస్తోందో తెలిసిపోతుంది. ఇంకోటి, వలల సీసపు గుండ్లు. ఏట్లో మంచి సిగ్నల్ వస్తే పదింట ఏడెనిమిది అవే.


కోటిపల్లి_రేవు · మంగళవారం పొద్దున్న

నేను మిషను కొన్నదాన్ని కాదు, మిషను వల్ల మేలు పొందినదాన్ని. శివరాత్రికి మా రేవులో స్నానం చేస్తుంటే మా అమ్మ మెడలో పుస్తెల గొలుసు కొక్కెం ఊడి నీళ్లలో పడిపోయింది. నలుగురు కుర్రాళ్లు కాళ్లతో గాలించారు. బురద ఇంకా కలిసిపోయింది, దొరకలేదు. అమ్మ ఇంటికొచ్చి పసుపుకొమ్ము కట్టుకుని కూచుంది, ఎవరితోనూ మాట లేదు.

మూడోరోజు మా మరిది స్నేహితుడొకాయన నీళ్లలో వాడే మిషను పట్టుకొచ్చారు. ముందు అమ్మనే రేవుకి తీసుకెళ్లి "ఎక్కడ నిలబడ్డారమ్మా, ఎటు తిరిగి మునిగారు" అని అడిగారు. నాలుగు వెదురుకర్రలు పాతి తాడు కట్టి, ఆ తాడు లోపలే అంగుళం అంగుళం నడిచారు. గంటన్నరకి సిగ్నల్ వచ్చింది. చిల్లుల గరిటె లాంటి పార ఒకటి ఉంది ఆయన దగ్గర. బురదతో ఎత్తి నీళ్లలో ఆడిస్తే మట్టి కారిపోయి గులకరాళ్లు, నత్తగుల్లలు మిగిలాయి. రెండోసారి ఎత్తినప్పుడు పసుపు దారం పోగు వేలాడింది. దాని వెనకే గొలుసు.

గొలుసు పలకలేదమ్మా, పుస్తెలు పలికాయి అన్నారాయన. పైన సోల్డరింగ్ అన్నయ్యగారు గొలుసుల గురించి రాసింది చదివాక ఆ మాట అర్థమైంది. పైసా తీసుకోలేదు, అమ్మ పెట్టిన పులిహోర తిని వెళ్లారు. రాజోలు తమ్ముడూ, నువ్వు చెయ్యాలనుకుంటున్నది చాలా మంచి పని.


లంక_మాస్టారు · మంగళవారం సాయంత్రం

నాయనా, ముప్పయ్యేళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి. చదివి ఊరుకోలేక రాస్తున్నాను. పోయిన వస్తువు వెతికివ్వడం వేరు, గుప్తనిధి అని దిబ్బలు తవ్వడం వేరు. మీ రాజోలు పక్కనే ఆదుర్రు. వైనతేయ ఒడ్డున బౌద్ధ స్తూపం. ఇటుకల్లో చక్రంలా ఆకులు తీర్చి కట్టారు. పిల్లల్ని తీసుకెళ్లి చూపించేవాణ్ణి. మన డెల్టాలో అలాంటి దిబ్బ ప్రతిదీ ఒక పుస్తకం. శాతవాహనుల నాణేల్లో సీసపువి బోలెడు. డిటెక్టరుకి అది వల గుండులాగే వినిపిస్తుంది, అంగట్లో దానికి పెద్ద ధర కూడా రాదు. కానీ అది ఏ ఇటుక వరస పక్కన, ఏ కుండపెంకు కింద దొరికిందో తెలిస్తే ఆ గోడ ఎప్పటిదో చెప్పొచ్చు. పైకి లాగి జేబులో వేసుకున్నాక ఆ కబురు ఎవరికీ ఎప్పటికీ తెలియదు. పాత గుళ్ల దగ్గర నంది విగ్రహాల కింద పలుగులు దించినవాళ్లని చూశాను. వాళ్లకి ఏమీ దొరకలేదు, నంది మాత్రం రెండు ముక్కలయింది. కొత్త కుండపెంకులు కాని ఎర్ర నలుపు పెంకులు, అడుగు పొడవు దాటిన పెద్ద ఇటుకలు కనబడితే మిషను ఆపెయ్యి నాయనా. ఫోటో తీసి పురావస్తు శాఖకి చెప్పు.


అమలాపురం_నల్లకోటు · మంగళవారం రాత్రి

మాస్టారూ నమస్కారం. చట్టం మాట నేను చెబుతాను, క్లుప్తంగా.

1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా నడుస్తోంది. నేలలో దాచి ఉన్న విలువైనది ఏదైనా అది నిధే. విలువ పది రూపాయలు దాటితే దొరికినవాడు కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. అవును, ఇప్పటికీ పది రూపాయలే. తెలపకుండా దాచేస్తే ఏడాది దాకా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ, పైగా తన వాటా పోతుంది. తెలిపితే, హక్కుదారులు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి మూడొంతులు, స్థలం యజమానికి పావు. ప్రభుత్వమే తీసుకోవాలనుకుంటే లోహం విలువ, దాని మీద అయిదో వంతు కలిపి చెల్లించాలి. నిజాయితీగా ఉన్నవాడికి ఈ చట్టం అన్యాయం చెయ్యదు. ఇది తెలియకే చాలామంది దొంగచాటుగా అమ్మి ఇరుక్కుంటారు.

వందేళ్లు దాటిన కళావస్తువులకీ నాణేలకీ 1972 చట్టం వేరే ఉంది. దేశం దాటించడం నేరం. ఆదుర్రు లాంటి రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా పార వెయ్యడం 1958 చట్టం ప్రకారం నేరం. గుడి భూమి, రేవు, ఏటిగట్టు ఏవీ మన సొంతం కావు, అడిగి దిగాలి. తాతగారి దిబ్బ మీదే కాబట్టి తిరగండి. మీ నాయనమ్మగారి భరిణె మీ నాయనమ్మగారిదే. కానీ కుండ నిండా పాత నాణేలు తగిలితే పార అక్కడే వదిలి నాకు ఫోను కాదు, తహసీల్దారు ఆఫీసుకి వెళ్లండి.


ఉప్పాడ_గట్టు · మంగళవారం రాత్రి

తమ్ముడూ, ఇంత విన్నాక నా లెక్క ఇది. రేవు పని ఈ ఏడాదికి మానుకో. ఇప్పుడు వాంక్విష్ తీసుకుని బీచ్‌కీ దిబ్బకీ వాడు. మిగిలిన డబ్బుతో పిన్‌పాయింటరు కొను. ఇది లేకుండా ఎవరూ మొదలెట్టొద్దు. గొయ్యి తవ్వాక వస్తువు గోడలో ఉందా మట్టిలో కలిసిందా తెలియక అరగంట పోతుంది. అరచెయ్యంత కర్రలా ఉంటుంది, గోతిలో పెడితే వస్తువు పక్కకి రాగానే చేతిలో వణుకుతుంది. నీళ్లలో తడిసినా ఏమీ కాని రకం తీసుకో.


రాజోలు_కొబ్బరితోట · పంతొమ్మిది రోజుల తర్వాత

అందరికీ మళ్లీ నమస్కారం. వాంక్విష్ తీసుకున్నాను, పిన్‌పాయింటరు కూడా. బిల్లు, వారంటీ కాగితం అడిగి తీసుకున్నాను. బావకి గ్లాసుల పరీక్ష చెప్పాను. అతను అమ్మేవాళ్లకి ఫోను చేసి అడిగితే "ఇంట్లో పనిచెయ్యదు, నేల మీదే పనిచేస్తుంది" అన్నారట. సరే, నేల మీదే గ్లాసులు పెడదాం అంటే మళ్లీ ఫోనెత్తలేదు.

నిన్న దిబ్బ మీద తిప్పాను. పొద్దున్న రెండు గంటలూ మేకులే. తర్వాత ఒక ఇత్తడి బందు దొరికింది, తలుపుది. దానికి మూరెడు దూరంలో ఇంకోటి. రెండూ పట్టుకెళ్లి నాయనమ్మకి చూపించాను. ఆవిడ కర్ర పట్టుకుని తోటలోకి వచ్చి, ఆ రెండు గోతుల మధ్య నిలబడి, "ఇది పడమటింటి గుమ్మం, దేవుడి గూడు ఇదిగో ఇటు" అని కుడివైపు నాలుగడుగులు వేసి చూపించింది. చూపించిన చోట 27, 28 మధ్య నిలకడగా పలికింది. రెండు జానల లోతులో దీపపు కుంది, ఇత్తడిది, ఒక పక్క నొక్కుకుపోయింది. భరిణె ఇంకా దొరకలేదు. ఆవిడ కుందిని చింతపండు పెట్టి తోముకుంటోంది.

ఒక అనుమానం. తోట తూర్పు చివర ఒకటే సిగ్నల్, బలంగా, చెట్టు నుంచి చెట్టుకి ఒకే గీతలో పోతోంది. తవ్వమంటారా?


పాలకొల్లు_సోల్డరింగ్ · అదే రాత్రి

పార ముట్టుకోకండి! తిన్నగా గీతలా పోయేది గొట్టమో కేబులో అయి ఉంటుంది. కోనసీమ తోటల కింద గ్యాసు గొట్టాలున్నాయి. గీత పొడుగునా రెండు వైపులా నడిచి గుర్తురాళ్లు, పసుపు బోర్డులు ఉన్నాయేమో చూడండి. బోర్డు మీద నంబరుంటే దానికి ఫోను చేసి అడగండి.


రాజోలు_కొబ్బరితోట · మర్నాడు పొద్దున్న

ఉందండి. పక్క తోట కంచె దగ్గర కొబ్బరి మట్టల కింద గుర్తురాయి. అటువైపు ఇక వెళ్లను. చాలా మేలు చేశారు.

ఉప్పాడ అన్నయ్యా, ఆదివారం అంతర్వేది వెళ్దామనుకుంటున్నాను. ఒకాయన ఉంగరం పోయి నాలుగు రోజులైందట. అన్నాచెల్లెళ్ల గట్టుకి ఇవతల, స్నానాల దగ్గర. ఏ వేళకి వెళ్లమంటావు?


ఉప్పాడ_గట్టు · మర్నాడు పొద్దున్న

శనివారం అమావాస్య కదా, నీరు బాగా లాగేస్తుంది. ఆటు వేళ మీ జాలర్లని అడుగు, ఆ ఒడ్డు వాళ్లకే తెలుసు. దానికి గంటన్నర ముందే ఒడ్డున ఉండు. నీరు వెనక్కి పోతుంటే దాని వెంబడే దిగు, ఒడ్డుకి అడ్డంగా కాదు, ఒడ్డు వెంట నడువు. కాయిల్ ఇసుకకి రెండు వేళ్ల ఎత్తులో, వంచకుండా. ఆయన్ని కూడా తీసుకెళ్లు, ఎక్కడ నిలబడ్డాడో కోటిపల్లి చెల్లెమ్మ చెప్పినట్టు ముందు అడుగు. ఉంగరం దళసరా సన్నమా, రాయి ఉందా అడుగు. ఇంట్లో అలాంటిదే ఇంకో ఉంగరం ఉంటే తెమ్మను, ముందు దాని మీద ఊపి అంకె రాసుకో.